గది అందరిదీ, గుట్టు ఎవరిది వారిదే

ఆటోనగర్ చిన్న పరిశ్రమల వాళ్ళు మీటింగ్ గదిని భద్రంగా, తేలికగా అమర్చుకోవడం ఎలా?

విశాఖ ఆటోనగర్‌లో ఓ మోస్తరు ఫ్యాబ్రికేషన్ యూనిట్ అంటే కింద షెడ్డు, పైన ఆఫీసు, ఆఫీసులో ఓ పక్కన మీటింగ్ గది. ఆ గదిలో గోడకు పెద్ద టీవీ, బల్ల మీద ఓ పాత కంప్యూటరు, మూలన వైఫై రూటరు. పొద్దున థర్డ్ పార్టీ ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చి డ్రాయింగు తెరిపిస్తారు. మధ్యాహ్నం బ్యాంకు ఆఫీసరు వచ్చి లిమిట్ రెన్యువల్ కోసం బ్యాలెన్స్ షీట్ చూపించమంటారు. సాయంత్రం ప్లేట్ల డీలరు తన రేట్లు తెర మీద పెడతాడు. ఒక్కోసారి పక్క బ్లాకుల యజమానులు అదే గదిలో కూర్చుని సంఘం సంగతులు మాట్లాడుకుంటారు. మనుషులు మారుతుంటారు, టీవీ, కంప్యూటరు, వైఫై మాత్రం అవే.

స్టీల్ ప్లాంటు, షిప్‌యార్డు, రిఫైనరీ, నేవల్ డాక్‌యార్డు వంటి పెద్ద కొనుగోలుదారుల ఆర్డర్ల మీద నడిచే యూనిట్లకు రెండు వస్తువులు ప్రాణం. ఒకటి కొటేషన్‌లో వేసిన రేటు, రెండోది కస్టమరు నమ్మి ఇచ్చిన డ్రాయింగు. రెండూ తరచూ కనబడేది ఈ గదిలోనే.

ఈ గది విషయంలో ఎక్కువమంది రెండు దారుల్లో ఏదో ఒకటి పడతారు. మొదటిది "మనవాళ్ళేగా" అన్న దారి. వైఫై పాస్‌వర్డు వైట్‌బోర్డు మీద ఉంటుంది, కంప్యూటరుకు పాస్‌వర్డే ఉండదు. ఏదైనా తేడా జరిగాక రెండో దారి పడతారు. అన్నిటికీ తాళాలే. అప్పుడేమవుతుందంటే, టీవీకి కలపలేకపోయిన అతిథి తన ఫైలును మీ గుమాస్తా సొంత ఫోనుకు వాట్సాప్ చేస్తాడు, గుమాస్తా దాన్ని ఆఫీసు కంప్యూటరుకు పంపుకుని అక్కడినుంచి చూపిస్తాడు. భద్రత కోసం వేసిన తాళం వల్లే ఒక రహస్య డ్రాయింగు మూడు చోట్ల మిగిలిపోయింది. భద్రమైన పద్ధతి కష్టంగా ఉంటే మనుషులు అడ్డదారి వెతుక్కుంటారు. కాబట్టి గదిలో భద్రమైన దారే అన్నిటికన్నా దగ్గరి దారి అయ్యేలా అమర్చుకోవాలి.

అమరిక కుదిరిందో లేదో రెండు పరీక్షలతో తేలుతుంది. గదికి కొత్తగా వచ్చిన మనిషి ఆఫీసు పాస్‌వర్డులేవీ అడగకుండా రెండు నిమిషాల్లో తన తెరను టీవీ మీద చూపించగలగాలి. ఆయన వెళ్ళిపోయాక ఆయనది ఏదీ గదిలో మిగలకూడదు. కింది మెట్లన్నీ ఈ రెండింటి కోసమే. కంప్యూటరు చదువు లేకపోయినా, ఫోను సెట్టింగులు మార్చడం వస్తే చాలు.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

రూటరు పెట్టె మీద ఉన్న స్టిక్కరు ఫోటో, టీవీ రిమోటు, మంచి హెచ్‌డీఎంఐ వైరు ఒకటి, టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే అడాప్టరు ఒకటి, వైర్లు కట్టే ప్లాస్టిక్ టైలు, ఓ నోటుపుస్తకం. షెడ్డుకు సెలవున్న ఒక ఆదివారం ఈ పనికి సరిపోతుంది.

మెట్టు 1: గదిలో ఏముందో, ఏం జరుగుతుందో రాయండి

నోటుపుస్తకంలో ఒక పేజీలో గదిలోని పరికరాలన్నీ రాయండి. టీవీ, కంప్యూటరు, వెబ్‌క్యామ్, స్పీకరు, ప్రింటరు, సీసీ కెమెరా, వైఫై ఎక్స్‌టెండరు, ఏదీ వదలొద్దు. ఒక్కోదాని ఎదురుగా మూడు సంగతులు రాయండి: ఇంటర్నెట్‌కు కలిసి ఉందా, ఎవరి అకౌంటుతో నడుస్తోంది, దాని పాస్‌వర్డు ఎవరికి తెలుసు. చాలా గదుల్లో ఈ ఒక్క పేజీతోనే అసలు సంగతి బయటపడుతుంది. టీవీలో యజమాని కొడుకు జీమెయిల్ ఉంటుంది. సీసీ కెమెరా సరిగ్గా టీవీ తెరకేసి చూస్తూ ఉంటుంది.

రెండో పేజీలో గదిలో జరిగే మీటింగులను మూడు రకాలుగా విడదీయండి. మొదటి రకం, ఎవరు విన్నా ఫరవాలేనివి: సంఘం మీటింగు, సేఫ్టీ క్లాసు. రెండో రకం, ఇద్దరి మధ్య ఉండాల్సినవి: రేట్లు, బ్యాంకు లెక్కలు. మూడో రకం, బయటికి పొక్కితే ఆర్డరే పోయేవి: రక్షణ రంగం డ్రాయింగులు, టెండరు వేసేముందు చర్చ.

ఈ విభజన ఎందుకో విశాఖ వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 2019 డిసెంబరులో "ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్" పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసు ఇంటెలిజెన్స్ విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నౌకాదళ నిఘా విభాగం కలిసి గూఢచర్యం ఆరోపణ మీద నౌకాదళ సిబ్బంది ఏడుగురిని అరెస్టు చేశాయి. సోషల్ మీడియా పరిచయాలతో వాళ్ళకు వల వేశారన్నది ఆరోపణ. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. నౌకాదళం అలా ఆజ్ఞ వేయగలదు. మన షెడ్డులో కస్టమరు చేతిలో ఫోను లాక్కోలేం, రోజంతా ఆ పద్ధతి నడపనూ లేం. కాబట్టి కఠినమైన నియమాన్ని మూడో రకం మీటింగులకే ఉంచండి. ఆ రోజు గది గుమ్మం బయట ఒక ట్రే పెట్టి, యజమానితో సహా అందరూ ఫోన్లు అందులో వేయాలి. మిగతా రోజులకు కింది ఏర్పాట్లు చాలు.

మెట్టు 2: వైఫైని రెండుగా విడదీయండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే మెట్టు ఇదే. ట్యాలీ నడిచే కంప్యూటరు, సీసీ కెమెరాల డీవీఆర్, ఆఫీసు ప్రింటరు, అతిథి ల్యాప్‌టాప్, ఇవన్నీ ఒకే వైఫైలో ఉండకూడదు. హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 2022 జనవరిలో రూ.12 కోట్లకు పైగా దొంగలు కాజేశారు. ఉద్యోగులకు పంపిన మోసపు మెయిళ్ళతో లోపలికి దూరారని, లోపలి నెట్‌వర్కును భాగాలుగా విడదీయకపోవడం వాళ్ళకు కలిసొచ్చిందని పోలీసులు తేల్చారు. మరుసటి ఏడాది రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. ఒక గుమ్మం దాటితే అన్ని గదులూ తెరిచి ఉండటమే అసలు చిక్కు.

చేయవలసింది ఇదీ:

• ఫోనును ఆఫీసు వైఫైకి కలిపి, రూటరు స్టిక్కరు మీద ఉన్న అడ్రసును బ్రౌజరులో తెరవండి. లోపలికి వెళ్ళగానే రూటరు అడ్మిన్ పాస్‌వర్డు మార్చేయండి. స్టిక్కరు మీదిది అలాగే ఉంచితే గదిలో కూర్చున్న ఎవరైనా దాన్ని చదివి లోపలికి వెళ్ళొచ్చు.

• "గెస్ట్ నెట్‌వర్క్" అన్న సెట్టింగు వెతికి ఆన్ చేయండి. గెస్ట్ వైఫైలో ఉన్నవారికి ఇంటర్నెట్ మాత్రమే అందాలి, ఆఫీసు పరికరాలు కనబడకూడదు. కొన్ని రూటర్లలో "లోకల్ నెట్‌వర్క్ అనుమతించు" అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేయండి.

• రెండు వైఫైలకూ డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఎంచుకోండి. బటన్ నొక్కితే కలిసిపోయే డబ్ల్యూపీఎస్‌ను ఆపేయండి.

• గెస్ట్ వైఫైకి క్యూఆర్ కోడు తీసి గోడకు అంటించండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై సెట్టింగుల్లోనే ఆ కోడు వస్తుంది.

గెస్ట్ వైఫై అంటే స్టీల్ ప్లాంటు గేటు దగ్గర విజిటరుకు ఇచ్చే పాసు లాంటిది. లోపల ఫలానా చోటికి వెళ్ళనిస్తుంది, అంతకు మించి తలుపులేవీ తీయదు. దాన్ని గోడ మీద పెట్టినా నష్టం లేదు, దాని వెనుక దాచుకునేదేమీ లేదు కాబట్టి. ఆఫీసు వైఫై పాస్‌వర్డు మాత్రం ఎవరికీ చెప్పొద్దు. గెస్ట్ వైఫై ఉన్నాక చెప్పాల్సిన అవసరమూ రాదు.

ఒక జాగ్రత్త. రోడ్డు మీద నిలబడినవాడికీ సిగ్నలు అందితే మీ కనెక్షన్‌తో ఏం చేసినా చిరునామా మీదే తేలుతుంది. అందుకని రాత్రిపూట గెస్ట్ వైఫై దానంతటదే ఆగిపోయేలా టైమరు పెట్టండి, పాస్‌వర్డును నెలకోసారి మార్చి కొత్త క్యూఆర్ అంటించండి. రూటరును ఇన్వర్టరు లైనుకు కలపండి. కరెంటు పోయినప్పుడల్లా గెస్ట్ వైఫై ఆగితే జనం మళ్ళీ ఆఫీసు పాస్‌వర్డు అడగడం మొదలుపెడతారు.

మెట్టు 3: టీవీకి దగ్గరి దారి వైరే

వైర్లు లేకుండా చూపించడం ముచ్చటగా ఉంటుంది. కానీ కొత్తవాళ్ళకు అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా భద్రం హెచ్‌డీఎంఐ వైరే. పెడితే బొమ్మ వస్తుంది, తీస్తే పోతుంది. అతిథి మీ వైఫైలోకి రానక్కరలేదు, మీ కంప్యూటరుకు పెన్ డ్రైవ్ పెట్టనక్కరలేదు. వైరును బల్ల మధ్యకు తెచ్చి, టైప్-సి అడాప్టరును దానికే టైతో బిగించేయండి. అడాప్టరు మాయమైన రోజు నుంచే అడ్డదారులు మొదలవుతాయి. సముద్రపు గాలికి కనెక్టర్లు పాడవుతాయి కాబట్టి ఓ వైరు అదనంగా బీరువాలో ఉంచండి.

వైరు పెట్టాక విండోస్ ల్యాప్‌టాప్‌లో విండోస్ బటనూ, పి బటనూ కలిపి నొక్కితే నాలుగు ఎంపికలు వస్తాయి. "డూప్లికేట్" అంటే ల్యాప్‌టాప్‌లో ఉన్నదే టీవీలో కనబడుతుంది. "ఎక్స్‌టెండ్" అంటే టీవీ రెండో తెర అవుతుంది, అటు లాగిపెట్టిన కిటికీ మాత్రమే అందరికీ కనబడుతుంది. రేట్లు పక్కన తెరిచి ఉంచుకుని డ్రాయింగు ఒక్కటే చూపించాలంటే "ఎక్స్‌టెండ్" వాడండి.

వైర్లెస్ కావాల్సిందే అంటే మూడు పద్ధతుల తేడా తెలుసుకోండి. మిరాకాస్ట్‌లో ల్యాప్‌టాపు టీవీతో నేరుగా మాట్లాడుతుంది, రెండూ ఒకే వైఫైలో ఉండనక్కరలేదు. విండోస్‌లో విండోస్ బటన్, కె కలిపి నొక్కితే టీవీ పేరు కనబడుతుంది. ఆపిల్ వాళ్ళు ఎయిర్‌ప్లే వాడతారు. ఎయిర్‌ప్లేకూ క్రోమ్‌కాస్ట్‌కూ మాత్రం మామూలుగా ఫోనూ టీవీ ఒకే వైఫైలో ఉండాలి. టీవీ ఆఫీసు వైఫైలో, అతిథి గెస్ట్ వైఫైలో ఉంటే టీవీ కనబడదు. చాలామంది ఇక్కడే విసుగెత్తి అతిథికి ఆఫీసు పాస్‌వర్డు ఇచ్చేస్తారు. అలా చేయకండి, టీవీనే గెస్ట్ వైఫైకి మార్చండి. గెస్ట్ వైఫైలో ఒక పరికరానికి ఇంకో పరికరం కనబడకుండా రూటరే అడ్డుకుంటుంటే వైరుకు తిరిగి వచ్చేయండి.

ఏ పద్ధతైనా సరే, ఆ వీలుంటే కలిపిన ప్రతిసారీ టీవీ మీద కొత్త కోడు కనబడేలా, ఆ కోడు కొడితేనే బొమ్మ వచ్చేలా పెట్టండి. లేకపోతే పక్క గదిలోని కుర్రాడి ఫోనులో పాట సగం మీటింగులో టీవీ మీద మోగుతుంది. వైర్లెస్ ప్రెజెంటేషన్ పెట్టెలు కొన్నవాళ్ళు సాఫ్ట్‌వేరు అప్‌డేట్లు మానొద్దు. 2019 డిసెంబరులో ఫిన్లాండ్ సంస్థ ఎఫ్-సెక్యూర్ పరిశోధకులు, ప్రపంచమంతటా ఆఫీసుల్లో వాడే బార్కో క్లిక్‌షేర్ పరికరంలో లోపాలు కనిపెట్టి ప్రకటించారు. తయారీ సంస్థ అప్‌డేట్ ఇచ్చింది. కానీ ఆ అప్‌డేట్ వేసుకున్నవాళ్ళకే దాని ఉపయోగం.

మెట్టు 4: టీవీని టీవీగానే ఉంచండి

స్మార్ట్ టీవీ అంటే గోడకు తగిలించిన ఫోనే. దాన్నిండా ఎవరో ఒకరి అకౌంటు, వెతికిన చరిత్ర, యాప్‌లు ఉంటాయి. ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. తిరిగి అమర్చేటప్పుడు ఎవరి సొంత జీమెయిలూ ఇవ్వొద్దు. అకౌంటు తప్పనిసరైతే గది పేరిట ఒకటి విడిగా తెరవండి, దానికి డబ్బు చెల్లింపు కార్డులేవీ కలపొద్దు. టీవీకి "మీటింగ్ గది" లాంటి మామూలు పేరు పెట్టండి. వాయిస్ రిమోటు మైకును ఆపేయండి. హెచ్‌డీఎంఐ ఒక్కటే వాడుతుంటే టీవీకి ఇంటర్నెట్టే అక్కరలేదు. అప్‌డేట్ల కోసం నెలకోసారి కలిపి, మళ్ళీ తీసేయండి.

మెట్టు 5: గది కంప్యూటరుకు జ్ఞాపకశక్తి లేకుండా చేయండి

అన్నిటికన్నా ప్రమాదం ఇక్కడే, ఎందుకంటే మనుషులు తమ మెయిలూ వాట్సాపూ తెరిచేది ఇక్కడే. అందరూ సొంత ల్యాప్‌టాపులు తెచ్చుకుంటుంటే ఈ కంప్యూటరును తీసేయడం మంచిది. తప్పదంటే ఇలా చేయండి.

• రెండు అకౌంట్లు పెట్టండి. అడ్మిన్ అకౌంటు మీ దగ్గర. రోజువారీ వాడకానికి "స్టాండర్డ్" అకౌంటు. అడ్మిన్ పాస్‌వర్డు లేకుండా అందులోంచి చాలా సాఫ్ట్‌వేర్లు ఎక్కించడం కుదరదు.

• డెస్క్‌టాప్ మీద బ్రౌజరు ఐకాను గెస్ట్ విండోను తెరిచేలా పెట్టండి. ఆ విండో మూసేయగానే లాగిన్లు, చరిత్ర పోతాయి. దిగిన ఫైళ్ళు మాత్రం పోవు. అందుకని విండోస్ సెట్టింగుల్లో "స్టోరేజ్ సెన్స్" ఆన్ చేసి, దాన్ని రోజూ నడిచేలా, డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఒక రోజు దాటినా తెరవని ఫైళ్ళను తీసేసేలా పెట్టండి.

• పది నిమిషాలు ఎవరూ ముట్టకపోతే తెర లాక్ అవ్వాలి. రెండు నిమిషాలకే లాక్ పెడితే మాట్లాడుతుండగా తెర ఆరిపోతుంది. విసుగెత్తినవాళ్ళు మీటింగు మధ్యలోనే ఆ సెట్టింగు తీసేస్తారు.

• విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కంప్యూటరు విండోస్ 11 తీసుకోలేకపోతే దాన్ని బయటివాళ్ళు వాడే గదిలో ఉంచొద్దు.

ఆటోనగర్ వాళ్ళు విడిగా గుర్తుపెట్టుకోవలసింది డీఎస్‌సీ, అంటే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. ఈ-టెండరు వేసేటప్పుడు పెట్టే ఆ చిన్న యూఎస్‌బీ టోకెన్ మీ సంతకమే. మీటింగు హడావుడిలో దాన్ని గది కంప్యూటరులో వదిలేసి, పిన్ను పక్కన చీటీ మీద రాసి పెట్టడం చాలాచోట్ల కనబడుతుంది. ఇంకెవరైనా మీ పేరిట సంతకం చేయడానికి ఇంతకన్నా వీలు అక్కరలేదు. టోకెన్‌ను టెండరు పనికి కేటాయించిన ఒక్క కంప్యూటరులోనే వాడండి. ఆ కంప్యూటరు మీటింగ్ గదిలో ఉండకూడదు.

ఎవరైనా గది కంప్యూటరులో వాట్సాప్ వెబ్ తెరిచి వదిలేశారనిపిస్తే, ఫోనులో వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్ళి "లింక్డ్ డివైసెస్" చూడమనండి. తెలియని కంప్యూటరు ఉంటే అక్కడే లాగ్ అవుట్ చేయొచ్చు.

మెట్టు 6: వీడియో మీటింగులకు తలుపు పెట్టండి

2012 జనవరిలో అమెరికాలోని ర్యాపిడ్7 సంస్థ పరిశోధకుడు హెచ్.డి. మూర్ ఇంటర్నెట్‌లో కొంత భాగాన్ని వెతికితేనే వేలకొద్దీ కాన్ఫరెన్స్ గదుల కెమెరాలు తలుపులు తీసినట్టు కనబడ్డాయి. వచ్చిన కాల్‌ను దానంతటదే ఎత్తే సౌకర్యం ఆన్‌లో ఉండటం అందుకు పెద్ద కారణం. మీటింగు మొదలుపెట్టే శ్రమ తగ్గించడానికి ఇచ్చిన సౌకర్యమే బయటివాడికి గదిని చూపించింది. మీ గది పరికరంలో "ఆటో ఆన్సర్" ఉంటే ఆపేయండి. కెమెరాకు జరిపే మూత ఒకటి అంటించండి.

జూమ్ వాడకం పెరిగినప్పుడు, 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోంశాఖ కొన్ని జాగ్రత్తలు విడుదల చేసింది. అవి ఏ వీడియో సాఫ్ట్‌వేరుకైనా పనికొస్తాయి. ప్రతి మీటింగుకూ కొత్త ఐడీ, కొత్త పాస్‌వర్డు ఇవ్వండి. వెయిటింగ్ రూమ్ ఆన్ చేసి పేరు చూసి లోపలికి రానివ్వండి. నిర్వాహకుడు రాకముందే ఎవరూ చేరకుండా చూడండి. తెర పంచుకునే హక్కు నిర్వాహకుడికే ఉంచండి. అందరూ వచ్చాక మీటింగుకు తాళం వేయండి. చివరికి "లీవ్" నొక్కి వెళ్ళిపోకుండా మీటింగునే ముగించండి.

తెర పంచుకునేటప్పుడు మొత్తం తెర ఇవ్వొద్దు, చూపించాల్సిన కిటికీ ఒక్కటే ఎంచుకోండి. ముందుగా "డు నాట్ డిస్టర్బ్" ఆన్ చేయండి. ఫోను తెరను టీవీ మీద వేసేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బ్యాంకు ఓటీపీ వస్తే అది అందరి కళ్ళముందూ మెరుస్తుంది.

మెట్టు 7: పాస్‌వర్డులు తక్కువ, పొడుగు ఎక్కువ

పాస్‌వర్డును నెలకోసారి మార్చాలి, అందులో అంకె, గుర్తు, పెద్దక్షరం ఉండాలి అన్న పాత నియమం ఇంకా చాలా ఆఫీసుల్లో నడుస్తోంది. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే దాన్ని పక్కనపెట్టింది. బయటపడిందన్న అనుమానం లేకుండా ఊరికే మార్చమని బలవంతపెడితే జనం చివరి అంకె ఒక్కటే మారుస్తారు, లేదా కాగితం మీద రాసిపెడతారు. పొడుగైన పాస్‌వర్డే మేలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలు కలపండి. దబ్బపండు, లేత్, పౌర్ణమి, బుట్ట, ఇలా. వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. యూనిట్ పేరు, ఈ ఏడాది అంకె కలిపిన పాస్‌వర్డును మాత్రం ఎవరైనా మొదటి ప్రయత్నంలోనే ఊహిస్తారు. గెస్ట్ వైఫైకి నెలకోసారి అన్నామంటే అది చాలామంది చేతుల్లోకి వెళ్ళేది కాబట్టి. మిగతావి ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు, అనుమానం వచ్చినప్పుడు వెంటనే మార్చండి.

రూటరు, కంప్యూటరు అడ్మిన్, వీడియో అకౌంటు పాస్‌వర్డులు ఇద్దరికి తెలిసి ఉంటే చాలు. ఒకరు సెలవు మీద వెళ్తే పని ఆగకూడదు కాబట్టి ఒక్కరి దగ్గరే ఉంచొద్దు. అన్నీ ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, బీరువాలో దాచడం తప్పేమీ కాదు. బల్ల మీద ఉండటమే తప్పు.

మెట్టు 8: గోడ మీద ఒక్క కాగితం

నాలుగు పేజీల నియమావళి ఎవరూ చదవరు. ఒక్క ఏ4 కాగితం, పెద్ద అక్షరాలు, తెలుగులో. ఇలా రాయొచ్చు:

*ఈ గది వాడేవారికి*
*1. హెచ్‌డీఎంఐ వైరు పెట్టండి. బొమ్మ రాకపోతే రిమోటులో "ఇన్‌పుట్" నొక్కి హెచ్‌డీఎంఐ 1 ఎంచుకోండి.*
*2. ఇంటర్నెట్ కావాలంటే పక్కనున్న క్యూఆర్ కోడు స్కాన్ చేయండి.*
*3. ఈ కంప్యూటరులో మెయిల్, వాట్సాప్ గెస్ట్ విండోలోనే తెరవండి. పని అయ్యాక విండో మూసేయండి.*
*4. వెళ్ళేముందు బోర్డు తుడవండి. పెన్ డ్రైవ్, డీఎస్‌సీ, కాగితాలు తీసుకోండి. కెమెరా మూత వేయండి.*
*5. పని చేయకపోతే ఆఫీసులో అడగండి. పాస్‌వర్డు కావాల్సిన అవసరం ఎప్పుడూ రాదు.*

నాలుగో మాటలో బోర్డు ముందుంది, గమనించండి. రేట్ల బేరం అయ్యాక వైట్‌బోర్డు తుడవకపోతే వైఫైకి ఎన్ని తాళాలు వేసినా తర్వాత వచ్చిన పోటీ డీలరు చదివేస్తాడు. మీటింగు అయ్యాక గది చూసే పని ఒక మనిషికి అప్పగించండి. టీ గ్లాసులు తీసేవాళ్ళే బోర్డు కూడా తుడిస్తే ఆ పని ఏ రోజూ ఆగదు.

మెట్టు 9: కొత్త మనిషితో పరీక్షించండి

ఈ గది ఎప్పుడూ వాడని ఒకరిని పిలవండి. షాప్ ఫ్లోర్ సూపర్‌వైజరైనా సరే, పక్క యూనిట్ అకౌంటెంటైనా సరే. ల్యాప్‌టాప్ ఇచ్చి, గోడ మీద కాగితం చూపించి, మీరు నోరు మెదపకుండా కూర్చోండి. ఎక్కడ ఆగారో రాసుకోండి. అంతా అయి ఆయన వెళ్ళాక కంప్యూటరు, టీవీ, బల్ల, బోర్డు వెతకండి. ఆయన జాడ ఏమైనా మిగిలిందా చూడండి.

ఇద్దరు ముగ్గురు ఒకేచోట తడబడితే వాళ్ళను తిట్టకండి, ఆ మెట్టును మార్చండి. 1883లోనే ఆగస్ట్ కెర్కోఫ్స్ అనే ఆయన సైనిక సంకేత లిపులకు ఆరు సూత్రాలు రాసినప్పుడు, ఆఖరి సూత్రంలో ఆ పద్ధతి వాడటానికి తేలికగా ఉండాలని, బుర్ర బద్దలుకొట్టుకునే నియమాల చిట్టా దానికి అక్కరలేకుండా ఉండాలని పెట్టాడు. యుద్ధ రహస్యాలకే ఆ తేలిక కావాలంటే, రోజుకు నలుగురు వచ్చిపోయే గదికి ఇంకెంత కావాలి!

తేడా జరిగితే

అనుమానం రాగానే ఆ పరికరానికి ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోను నుంచో, వేరే కంప్యూటరు నుంచో పాస్‌వర్డులు మార్చి, అన్ని చోట్ల నుంచీ లాగ్ అవుట్ అయ్యే ఎంపిక నొక్కండి. డబ్బు పోతే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు వెంటనే ఫోను చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోతుంది. డీఎస్‌సీ పోతే దాన్ని ఇచ్చిన సంస్థకు చెప్పి రద్దు చేయించండి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత విభాగం సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, వాటిలో పేర్కొన్న రకాల సైబర్ ఘటనలను సంస్థలు తమకు తెలిసిన 6 గంటల్లోగా సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలి. కస్టమరు డ్రాయింగు పోయిందనిపిస్తే ఆ కస్టమరుకు మీరే ముందుగా చెప్పండి.

చూసుకుంటూ ఉండాల్సినవి

వారానికోసారి: గది కంప్యూటరులో ఫైళ్ళేమైనా మిగిలాయా, అడాప్టరు ఉందా, టీవీకి ఎవరి అకౌంటైనా కలిసిందా.
నెలకోసారి: గెస్ట్ వైఫై పాస్‌వర్డు, క్యూఆర్, రూటరు, టీవీ, కంప్యూటరు అప్‌డేట్లు.
ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజు: వాళ్ళకు తెలిసిన పాస్‌వర్డులన్నీ.

ఆదివారం మొత్తం దొరకదంటే, దొరికిన గంటలో ఈ మూడు చేయండి: గెస్ట్ వైఫై ఆన్ చేసి క్యూఆర్ అంటించండి, హెచ్‌డీఎంఐ వైరును అడాప్టరుతో సహా బల్లకు బిగించండి, డీఎస్‌సీ టోకెన్‌ను ఆ గదిలోంచి తీసేయండి. మిగిలిన మెట్లు వచ్చే ఆదివారానికి ఉంచుకోవచ్చు.